బోనులో పడినవన్నీ ఎలుకలేనా? అపోహలు - వాస్తవాలు

స్పెయిన్ ఈశాన్య మూలన కాటలోనియాలోని మోన్సెనీ కొండల్లో ఎలుకలు, చుంచుల సంఖ్య ఎలా మారుతోందో చూసే పని నాది. కింద ఎండకు తట్టుకునే ఓక్ అడవి, పైకెళ్తే చల్లటి చోట పెరిగే బీచ్ (beech) చెట్లు. చిన్న క్షీరదాల సంఖ్యను ఏటా గమనించేందుకు స్పెయిన్‌లో 2008లో మొదలైన సెమిసే పథకం పద్ధతే మాదీ.

అపోహ: ఎన్ని పడితే అన్నే ఉన్నట్టు.
వాస్తవం: కాదు. ఆరు వరసల్లో ఆరేసి చొప్పున 36 బోనులు, 15 మీటర్ల ఎడంతో మూడు రాత్రులు పెడతాం. వసంతంలో ఒకసారి, ఆకురాలే కాలంలో ఒకసారి. పడినదానికి గుర్తు పెట్టి వదిలేస్తాం. తొలి రాత్రి 20కి గుర్తు పెట్టామనుకోండి. మర్నాడు పడిన 20లో 10కి గుర్తుంటే, అక్కడ ఉన్నవి దాదాపు 40. కానీ కొన్ని ఎలుకలు ఎర రుచి మరిగి మళ్లీ మళ్లీ వస్తాయి, దాంతో లెక్క అసలు కంటే తగ్గిపోతుంది. అందుకే ఒక్క ఏడాది అంకెను నేను నమ్మను. అదే చోట, అదే పద్ధతిలో ఏళ్ల తరబడి పెడితేనే పెరుగుదల, తరుగుదల తెలుస్తాయి.

అపోహ: ఏమీ పడకపోతే ట్రిప్ వేస్ట్.
వాస్తవం: సున్నా కూడా రాయాల్సిందే. సున్నాలు వదిలేస్తే తగ్గుదల కనబడనే కనబడదు.

అపోహ: ఎలుకలు ఎక్కడైనా ఎండాకాలమే పిల్లల్ని పెడతాయి.
వాస్తవం: ఉత్తర యూరప్‌లో అడవి ఎలుకకు (వుడ్ మౌస్) అది నిజమే. మధ్యధరా తీరాన వేసవి అంటే కరువు, గడ్డి కూడా మాడిపోతుంది. ఇక్కడ అది ఎక్కువగా వానలు పడ్డాక, ఆకురాలే కాలం నుంచి వసంతం దాకా ఈనుతుంది.

అపోహ: తోక పట్టుకుని ఎత్తితే సులువు.
వాస్తవం: దయచేసి వద్దు. అడవి ఎలుక తోక చర్మం తొడుగులా ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. మెడ వెనక వదులు చర్మమే పట్టుకోవాలి.

అపోహ: పడినవన్నీ ఎలుకలే.
వాస్తవం: పొడుగు ముక్కు, చుక్కల్లాంటి కళ్లు ఉంటే అది చుంచు. ఎలుక జాతే కాదు, పురుగులు తిని బతుకుతుంది. కొన్ని గంటలు తిండి లేకపోతే చచ్చిపోతుంది. అందుకే బోనులో దూది, నూనె కలిపిన పిండి, ట్యూనా పెడతాం. తెల్లారగానే ముందు చుంచులు పడిన బోనులే తెరుస్తాను.