ఇంట్లో తొక్కే సైకిల్‌కి ఏ పాట?

వానలో జారే రోడ్లు, ఆగని ట్రాఫిక్, వెంటపడే కుక్కలు. ఇలా ఏదో ఒక కారణంతో చాలామంది సైకిల్‌ని ఇంట్లోకి తెచ్చి, ఉన్నచోటే తొక్కేలా దాన్ని పట్టి ఉంచే ట్రైనర్ అనే స్టాండుకి బిగించుకుంటున్నారు. జిమ్‌లో అయితే స్పిన్ బైక్ ఉండనే ఉంటుంది. కానీ తొక్కడం మొదలుపెట్టిన కాసేపటికే తేడా తెలిసిపోతుంది. రోడ్డు మీద గంట ఇట్టే గడుస్తుంది, ఇక్కడ అరగంట గడవడం కూడా కష్టం. దీన్ని మన బద్ధకం ఖాతాలో వేసుకోనక్కర్లేదు. రోడ్డు మీద దిగుడు వస్తే కాళ్ళు ఆపుతాం, మలుపులో ఆపుతాం, సిగ్నల్ దగ్గర ఆగి నీళ్ళు తాగుతాం. ట్రైనర్ మీద అలాంటి విరామాలు ఉండవు, మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా తొక్కుతూనే ఉండాలి.

వేడి సంగతి ఇంకా ముఖ్యం. మన కండరాలు ఖర్చు పెట్టే శక్తిలో పెడల్‌కి చేరేది సుమారు 20 నుంచి 25 శాతమే. మిగతాదంతా వేడిగా మారుతుంది. మీరు పెడల్ మీద 150 వాట్లు చూపిస్తున్నారంటే, ఒంట్లో 450 నుంచి 600 వాట్ల వేడి పుడుతోందన్నమాట. రోడ్డు మీద ఎదురుగాలి చెమటను ఆరబెట్టి ఆ వేడిని తీసుకుపోతుంది. గదిలో చెమట ఆరకుండా కారిపోతుంది, ఒళ్ళు కాగుతుంది, అదే పని రెట్టింపు కష్టంగా అనిపిస్తుంది. అందుకే పాట గురించి మాట్లాడే ముందు ఎదురుగా ఒక మంచి పెడెస్టల్ ఫ్యాన్ పెట్టుకోమంటాను. ఎంత గొప్ప పాటైనా ఒంటి వేడిని తగ్గించలేదు.

ఫ్యాన్ పెట్టుకున్నాక మిగిలేది మనసు. పాట పని చేసేది అక్కడే. పైగా ఈ విషయంలో సైకిల్‌కి శాస్త్రంతో చాలా పాత బంధం ఉంది. 1911లో లెనర్డ్ ఎయిర్స్ అనే అమెరికన్ గణాంకవేత్త న్యూయార్క్‌లో ఆరు రోజులపాటు సాగే ఇండోర్ సైకిల్ రేసును గమనించి ఒక చిన్న వ్యాసం రాశాడు. బ్యాండు వాయిస్తున్నప్పుడు రైడర్ల సగటు వేగం గంటకు 19.6 మైళ్ళు, బ్యాండు ఆగినప్పుడు 17.9 మైళ్ళు. వ్యాయామం మీద సంగీతం ప్రభావం గురించి వచ్చిన తొలి పరిశీలనల్లో ఇదొకటి. అయితే దీన్ని పూర్తిగా నమ్మేయకూడదు. బ్యాండు వాయించేది సాధారణంగా జనం ఉన్నప్పుడే కదా. జనం కేకల వల్ల ఎంత, బ్యాండు వల్ల ఎంత అని ఆ లెక్కలోంచి విడదీయలేం.

ఆ చిక్కు లేకుండా చేసిన ప్రయోగం ఒకటి లివర్‌పూల్ జాన్ మూర్స్ యూనివర్సిటీలో జరిగింది. 2010లో అచ్చయింది. 12 మంది విద్యార్థుల చేత, ఎవరికి నచ్చిన వేగంలో వాళ్ళను 25 నిమిషాలు సైకిల్ తొక్కించారు. అవే పాటలను ఒకసారి మామూలుగా, ఒకసారి 10 శాతం వేగం పెంచి, ఒకసారి 10 శాతం తగ్గించి వినిపించారు. టెంపోతో ఆడుకుంటున్నామని వాళ్ళకు చెప్పలేదు. పాట వేగం పెరిగినప్పుడు తొక్కిన దూరం 2.1 శాతం, పెడల్ మీద శక్తి 3.5 శాతం పెరిగాయి. తగ్గించినప్పుడు దూరం 3.8 శాతం, శక్తి 9.8 శాతం పడిపోయాయి. కష్టం ఎంత అనిపిస్తోందని అడిగితే, పాట వేగం పెంచినప్పుడు అది కాస్త పెరిగిందనే చెప్పారు. అంటే పాట కష్టాన్ని దాచిపెట్టలేదు. ఎక్కువ పని చేయించింది, ఆ ఎక్కువ కష్టాన్ని వాళ్ళు ఇష్టంగానే పడ్డారు. నాకు ఈ ప్రయోగంలో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే. పాట అంటే మత్తుమందు అనుకునేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇలాంటివి 139 అధ్యయనాలను కలిపి పీటర్ టెర్రీ, కోస్టాస్ కరగియోర్గిస్ తదితర పరిశోధకులు 2020లో ఒక పెద్ద సమీక్ష వెలువరించారు. సంగీతం వల్ల వ్యాయామం చేస్తున్నప్పుడు మనసుకు హాయిగా ఉంటుంది, కష్టం కొంచెం తక్కువ అనిపిస్తుంది, పనితనం కొంచెం పెరుగుతుంది. గుండె వేగంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. ప్రతిచోటా ఆ 'కొంచెం' ఉంది. అయినా వారానికి నాలుగు రోజులు ట్రైనర్ ఎక్కేవాళ్ళకు ఆ కొంచెమే చాలా ఎక్కువ. ఎందుకంటే ఇంటి సైకిల్ మూలన పడేది కాళ్ళు నొప్పి పుట్టి కాదు, విసుగు పుట్టి.

ఇప్పుడు లయ సంగతి. కదలకుండా కూర్చుని విన్నా, స్పష్టమైన దరువు వినబడితే చాలు, మెదడులో కదలికలను నడిపే భాగాలు స్పందిస్తాయి. చెయ్యి తనకు తెలియకుండానే తొడ మీద తాళం వేయడం అందుకే. మరి కాలు సరిగ్గా దరువు మీదే పడితే ఏమవుతుంది? ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ హాలమ్ యూనివర్సిటీ వాళ్ళు దీన్ని పరీక్షించారు. నిమిషానికి 65 చుట్ల చొప్పున తొక్కమన్నారు. చుట్టుకు రెండు తొక్కుడులు కాబట్టి నిమిషానికి 130. ఒకసారి సరిగ్గా 130 బీట్ల సంగీతం, ఒకసారి కాస్త నెమ్మదిగా 123, ఒకసారి కాస్త వేగంగా 137 వినిపించారు. దరువుకు కాలు కుదిరినప్పుడు, నెమ్మది పాటతో పోలిస్తే ఒళ్ళు వాడిన ఆక్సిజన్ సుమారు 7 శాతం తగ్గింది. పని అంతే, ఖర్చు తక్కువ. తొక్కుడు ఒకే తీరుగా సాగితే మధ్యలో చిన్న చిన్న సవరింపులకు శక్తి వృథా కాదని దీనికి చెప్పే వివరణ.

ఇది ఇంట్లో మనమూ చేసుకోవచ్చు. పాట లేకుండా అయిదు నిమిషాలు మీకు హాయిగా ఉన్న వేగంలో తొక్కండి. కుడి కాలు కిందికి వచ్చిన ప్రతిసారీ లెక్కపెట్టండి, 15 సెకన్లు. ఇరవై వచ్చిందనుకోండి, నాలుగుతో గుణిస్తే మీ కేడెన్స్, అంటే నిమిషానికి తొక్కే చుట్లు, 80. తర్వాత పాట పెట్టి, ఎక్కడ చప్పట్లు కొట్టాలనిపిస్తుందో ఆ చోట్లు మాత్రం 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 80 వస్తే చుట్టుకొక బీటు, 160 వస్తే తొక్కుడుకొక బీటు. రెండూ కుదురుతాయి. 110 వచ్చిందా, దాన్ని వేరే రోజుకి దాచుకోండి.

మన పాటల్లో ఈ లెక్కకు రెండు చిక్కులున్నాయి. ఒకటి తిశ్రగతి. మన జాతర పాటల్లో, తీన్‌మార్ దరువుల్లో ఒక్కో తాళపు దెబ్బ లోపల మూడేసి చిన్న దెబ్బలు నడుస్తుంటాయి. వాటిని లెక్కపెడితే నిమిషానికి మూడువందలు దాటిపోయి అంతా గందరగోళం అవుతుంది. పెద్ద దెబ్బనే పట్టుకోవాలి. దాని మీద కాలు వేస్తే తిశ్రం చాలా బాగా నడుస్తుంది, మధ్యలోని ఊపు మోకాలిని పైకి లాగినట్టు ఉంటుంది. రెండోది సినిమా పాట కట్టుబడి. మొదట వయొలిన్లు, వేణువు, ఆలాపన, దరువు వచ్చేసరికే అర నిమిషం. పల్లవి అయ్యాక వచ్చే బీజీఎంలో ఒక్కోసారి తాళమే ఆగిపోతుంది, చరణంలో మళ్ళీ అందుకుంటుంది. వినడానికి అదే అందం. ట్రైనర్ మీద మాత్రం కాళ్ళు ఆ ఖాళీలో తడబడతాయి. లయ పట్టుకుని తొక్కాల్సిన రోజున మొదటి నుంచి చివరి దాకా డప్పో, డోలకో, డ్రమ్మో ఆగకుండా నడిచే పాటలే ఏరుకోవాలి. తేలిగ్గా తొక్కే రోజున ఏదైనా పర్లేదు, ఇళయరాజా కాలం నాటి పొడవాటి బీజీఎంలు అప్పుడే వినాలి.

వేగం ఎంత ఉంటే అంత మంచిదా? కాదు. సైకిల్ ఎర్గోమీటర్ (శ్రమను కొలిచే వ్యాయామ సైకిల్) మీద కరగియోర్గిస్ బృందం చేసిన పరిశీలనలో, శ్రమ పెరిగేకొద్దీ జనం కోరుకునే టెంపో అదే లెక్కన పెరగలేదు. తేలిక నుంచి బాగా కష్టం దాకా అది సుమారు 125 నుంచి 140 బీట్ల మధ్యే తిరిగింది. గుండె 170 కొట్టుకుంటోంది కాబట్టి 170 బీట్ల పాట కావాలన్న లెక్క తప్పు. ఇక్కడ కొందరికి ఒక ఇబ్బంది వస్తుంది. 90 కేడెన్స్‌తో తొక్కేవాళ్ళ కాళ్ళకు 130 బీట్ల పాట ఎలాగూ కుదరదు. అప్పుడు కుదర్చడానికి తంటాలు పడొద్దు, పాటను వెనకాల నడవనివ్వండి. లివర్‌పూల్ ప్రయోగంలో వేగం పెంచిన పాటకు కేడెన్స్ పెరిగింది 0.7 శాతమే, అయినా పనితనం పెరిగింది. కాలు కుదరకపోయినా మనసుకు నచ్చితే పాట తన పని తాను చేస్తుంది.

మరి అసలైన కష్టం, ఊపిరి అందని ఇంటర్వెల్స్, అంటే మధ్యమధ్య విశ్రాంతితో కాసేపు గట్టిగా తొక్కే విడతల మాటేమిటి? శ్రమ ఒక హద్దు దాటాక కాళ్ళ మంట, ఆయాసం మెదడు ధ్యాసను మొత్తం లాగేసుకుంటాయి, పాటకు చోటు మిగలదు. అందుకని పాట అక్కడ దండగ అనుకునేవాళ్ళున్నారు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో మాథ్యూ స్టార్క్ బృందం 2015లో దీనికి మంచి జవాబిచ్చింది. 20 మంది చేత 30 సెకన్ల పూర్తి దమ్ము స్ప్రింట్లు నాలుగు చేయించారు, మధ్యలో నాలుగేసి నిమిషాల విశ్రాంతి. తమకు నచ్చిన పాటలు పెట్టుకున్న రోజున శక్తి ఎక్కువ వచ్చింది, ఆనందం పెరిగింది. కష్టం మాత్రం రెండు రోజులూ ఒకటే అనిపించింది. కాబట్టి నా సలహా ఇది. ఇంటర్వెల్‌లో నొప్పి తగ్గుతుందని పాట పెట్టుకోకండి, నిరాశపడతారు. మళ్ళీ రేపు ఎక్కాలనిపించడానికి పెట్టుకోండి. మీకు ఒళ్ళు జలదరింపజేసే ఆ రెండు మూడు పాటలను వార్మప్‌లో ఖర్చు చేయకుండా చివరి స్ప్రింట్ల కోసం దాచండి. ప్రతిరోజూ వింటే అవి కూడా పాతబడతాయి.

ఫ్యాన్ హోరు, ట్రైనర్ రొద మీద పాట వినబడాలని ఇయర్‌ఫోన్స్ సౌండు పెంచేయడం చాలామంది చేసే పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే. వారానికి నాలుగైదు గంటలు ట్రైనర్ మీద ఉండేవాళ్ళకు ఆ హద్దు దాటడం చాలా సులువు. ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే స్పీకరే మంచిది. ఇయర్‌ఫోన్సే కావాలంటే చెవిలో బిగుతుగా కూర్చుని బయటి రొదను ఆపేవి తీసుకుంటే సౌండు పెంచే అవసరం రాదు. అలాంటివి పెట్టుకుని రోడ్డెక్కడం మాత్రం వద్దు, హారన్ వినబడని సైక్లిస్టు ప్రమాదంలో ఉన్నట్టే.

వినడం కంటే ఇంకో మెట్టు పైన పాడటం ఉంది. మన పల్లెల్లో దంపుడు పాటలు, నాట్ల పాటలు పక్కన ఎవరో పాడి వినిపించినవి కావు. రోలు చుట్టూ నిలబడి దంచే ఆడవాళ్ళే సువ్వి పాటలు పాడుకున్నారు. రోకళ్ళు ఒకదానికొకటి తగలకుండా ఎవరి వంతుకు వాళ్ళు వేయడానికి ఆ లయ పనికొచ్చింది, పని భారమూ తెలియకుండా చేసింది. లైప్జిగ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో థామస్ ఫ్రిట్జ్ బృందం 2013లో దీనికి దగ్గరగా ఉండే పరీక్ష చేసింది. మనిషి కదిలించినదాన్ని బట్టి సంగీతం పుట్టేలా వ్యాయామ యంత్రాలను తయారుచేశారు. సంగీతాన్ని ఊరికే వింటూ చేసినప్పటికంటే, తమ కదలికతో తామే పుట్టిస్తూ చేసినప్పుడు అదే శ్రమ తక్కువగా అనిపించింది.

సైకిల్ మీద మనం చేయగలిగింది గొంతు కలపడం. దానివల్ల ఇంకో లాభం ఉంది. వ్యాయామ శాస్త్రంలో 'మాట పరీక్ష' అని ఒక సులువైన కొలత వాడతారు. మాట్లాడగలుగుతూ పాడలేకపోతే మధ్యస్థ శ్రమ, నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే తీవ్ర శ్రమ. కాబట్టి హార్ట్‌రేట్ బెల్ట్ కొనకుండానే పాటతో శ్రమను కొలుచుకోవచ్చు. తేలిగ్గా తొక్కాల్సిన రోజున పల్లవి మొత్తం హాయిగా పాడగలగాలి. పాడలేకపోతున్నారంటే గేరు తగ్గించండి. మధ్యస్థంగా తొక్కే రోజున పాట మాటలు పలకగలరు కానీ రాగం నిలవదు, చరణం మధ్యలో తెగుతుంది. ఇంటర్వెల్స్ రోజున హమ్మింగ్ కూడా రాదు, రాకూడదు. ఒకవేళ వస్తోందంటే ఇంకో గేరు మిగిలి ఉన్నట్టే.