క్రిస్మస్ తాత, బూచోడు, నెమలీక పిల్లలు: పండగ కల్పనలపై అపోహలు - వాస్తవాలు

డిసెంబరు వచ్చిందంటే పిల్లల కౌన్సెలింగ్ గదుల్లో ప్రశ్నలు మారిపోతాయి. చదువు, ఫోను గొడవలు కాసేపు పక్కకు పోతాయి. "క్రిస్మస్ తాత ఉన్నాడని చెప్పొచ్చా? చెబితే మనమే అబద్ధం నేర్పినట్టవుతుందా?" అని అడుగుతారు. హైదరాబాదులో ఇప్పుడు క్రైస్తవులు కాని ఇళ్ళకూ ఈ ప్రశ్న తప్పడం లేదు. అపార్ట్‌మెంట్ కమిటీయే ఒకాయనకు ఎర్రకోటు తొడిగి ఇంటింటికీ తిప్పుతుంది, స్కూల్లో దూది గడ్డం ప్రాజెక్టు ఇస్తారు, మాల్‌లో ఫొటో కోసం లైను ఉంటుంది. అడిగేవాళ్ళ ఆందోళన అర్థమవుతుంది. విచిత్రం ఏంటంటే, అదే ఇంట్లో అదే పిల్లాడికి ఏడాది పొడుగునా "అన్నం తినకపోతే బూచోడు ఎత్కపోతడు" అని చెబుతుంటారు. దాని గురించి ఎవరూ అడగరు. పిల్లల్ని ఎక్కువ దెబ్బతీసేది అదే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: కాస్త భయపెడితే మాట వింటారు, మేమూ అలాగే పెరిగాం.

వాస్తవం: వింటారు, పది నిమిషాలు. "ఎవరో చూస్తున్నారంటే పిల్లలు బుద్ధిగా ఉంటారని సైన్సే చెప్పింది" అంటూ వాట్సాప్‌లో తిరిగే మాటకు మూలం 2011లో బెల్‌ఫాస్ట్ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగం. 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలకు వెల్‌క్రో బంతి విసిరే ఆట ఇచ్చి, ఖాళీ కుర్చీ చూపించి, కంటికి కనపడని ఆలిస్ యువరాణి అందులో కూర్చుందని చెప్పారు. నమ్మిన పిల్లలు దొంగాట తక్కువ ఆడారు. అంతవరకు నిజమే. కానీ అది ఒక గది, ఒక ఆట, కొద్ది నిమిషాల వ్యవహారం. ఆలిస్ ఎవరినీ సంచిలో వేసుకుపోతానని బెదిరించలేదు కూడా.

ఇంట్లో జరిగేది వేరు. బెదిరింపు పని చేయాలంటే ఎప్పుడో ఒకసారి అది జరగాలి. బూచోడు ఎన్నటికీ రాడు. దాంతో నాలుగో వారానికి బూచోడి బదులు పోలీసు వస్తాడు, తర్వాత సూది వేసే డాక్టరు, ఆ తర్వాత "నిన్ను హాస్టల్లో పడేస్తాం". క్రిస్మస్ తాత పేరు చెప్పి బెదిరించినా ఇదే వరస. అక్టోబరులో చేసిన అల్లరికి డిసెంబరులో బహుమతి రాదంటే నాలుగేళ్ళ పిల్లకు ఆ రెండూ ముడిపడవు. పైగా చివరికి బహుమతి ఎలాగూ ఇస్తారు. అమ్మ మాట ఉత్తిదేనని తెలిసిపోతుంది.

ఇందులో అన్నిటికంటే ప్రమాదం పోలీసు బెదిరింపు. ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా హైదరాబాదు నాంపల్లిలో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో పిల్లాడు చెయ్యి వదిలేశాడనుకోండి. వాడు పరుగెత్తాల్సింది ఖాకీ బట్టల వైపు. "అల్లరి చేస్తే పట్టుకపోతరు" అని విన్నవాడు ఖాకీ కనబడగానే దుకాణం వెనక్కి నక్కుతాడు. డాక్టరు పేరుతో బెదిరించిన ఇంట్లో కడుపునొప్పి వచ్చినా పిల్ల నోరు విప్పదు.

ఇప్పటికే ఇలా బెదిరించి ఉంటే దాన్ని విప్పే పద్ధతి ఉంది. ముందుగా, ఎవరు చెప్పారో వాళ్ళే వెనక్కి తీసుకోవాలి. నానమ్మ చెప్పిన బూచోణ్ణి అమ్మ కొట్టిపారేస్తే పిల్లకు ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తెలియదు. నానమ్మే ఒళ్ళో కూర్చోబెట్టుకుని "నేనే ఊరికే అన్నా బంగారం, అట్లాంటోడు ఎవ్వడూ లేడు, పోలీసోళ్ళు పిల్లల్ని పట్టుకపోరు" అనాలి. ఒక్కసారి చాలదు, వారం పది రోజుల్లో మూడు నాలుగుసార్లు, అదీ పగటిపూట. రెండోది, రాత్రి టార్చి పట్టుకుని మంచం కింద, అలమార వెనక వెతికి "చూశావా, లేడు" అనొద్దు. వెతికితే ఉండే అవకాశం ఉందని ఒప్పుకున్నట్టే. మర్నాడు మళ్ళీ వెతకమంటారు, ఆ మర్నాడు రెండుసార్లు. మూడోది, పగలు ట్రాఫిక్ కానిస్టేబుల్ దగ్గరికో, తెలిసిన నర్సు దగ్గరికో తీసుకెళ్ళి ఒక నమస్తే చెప్పించండి. జాతరకో నుమాయిష్‌కో వెళ్ళేముందు జేబులో మీ ఫోను నంబరున్న చీటీ పెట్టి, లోపలికి అడుగుపెట్టగానే పోలీసులు నిలబడే చోటు, మైకులో పేర్లు చెప్పే చోటు వేలుపెట్టి చూపించండి. యూనిఫాం వాళ్ళు కనబడకపోతే పిల్లల్ని వెంటపెట్టుకుని ఉన్న ఆంటీని అడగమని చెప్పండి. 112 (అత్యవసర సహాయం), 1098 (పిల్లల హెల్ప్‌లైన్) నంబర్లు మీ ఫోనులో ఉండాలి.

మరి అన్నం తినిపించడం ఎలా? నిమిషాల్లో జరిగిపోయేది, మీరు కచ్చితంగా చేయగలిగేది చెప్పండి. "పెద్దముల్లు ఆరు మీదికి వచ్చేసరికి ప్లేటు తీసేస్తా." తీసేయండి. కేకలొద్దు, ఉపన్యాసం వద్దు. తర్వాతి తిండి వేళ దాకా మధ్యలో బిస్కెట్లు వద్దు, మంచినీళ్ళు ఇవ్వండి. మొదటి రోజుల్లో ఏడుపు పెరుగుతుంది, అక్కడే చాలా ఇళ్ళు ఓడిపోయి మళ్ళీ బూచోణ్ణి పిలుస్తాయి.

ఒంటరిగా బాత్రూముకు వెళ్ళకపోవడం, అర్ధరాత్రి లేచి తలుపు గడియలు చూడటం, మానేసిన పక్కతడపడం మళ్ళీ మొదలవడం నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే నిపుణులకు చూపించండి. దిష్టి తీయించడం మీ ఇష్టం, కానీ దానితోనే ఆగిపోవద్దు.

అపోహ: క్రిస్మస్ తాత లేడన్న నిజం తెలిసిన రోజు పిల్ల గుండె పగులుతుంది, ఇక మమ్మల్ని నమ్మదు.

వాస్తవం: 1994లో అమెరికాలో 52 మంది పిల్లలతో మాట్లాడి ప్రచురించిన అధ్యయనంలో తేలినదేమంటే, ఎక్కువమంది ఏడేళ్ళ ప్రాంతంలో సొంతంగానే కనిపెట్టారు, కనిపెట్టినందుకు మొత్తమ్మీద సంతోషించారు. దిగులు పడింది తల్లిదండ్రులు. తర్వాతి అధ్యయనాల్లో కొందరు పిల్లలు బాధపడ్డట్టు కూడా కనిపించింది, అయితే చాలామందిలో అది త్వరగానే పోయింది. ఎవరో హఠాత్తుగా చెప్పేస్తే, వయసు మీరాక తెలిస్తే బాధ ఎక్కువ.

నమ్మకం పోవడానికి కారణం కల్పన కాదు, దాని చుట్టూ మీరు పోగుచేసే దొంగ సాక్ష్యాలు. తాత తిన్నట్టు సగం కొరికిన బిస్కెట్, ఆయన నడిచినట్టు ముగ్గుపిండితో బూటు గుర్తులు, ఇప్పుడైతే పిల్ల పేరు పెట్టి పిలిచే తాత వీడియోలు. ఒక ఇంట్లో ఒక కథ నడవడం వేరు, అనుమానం వచ్చిన పిల్ల తర్కాన్ని తప్పని నిరూపించడానికి పెద్దవాళ్ళు పనిగట్టుకోవడం వేరు. 2014లో కాలిఫోర్నియా పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, పక్కగదిలో చాక్లెట్ల గిన్నె ఉందని పెద్దవాళ్ళు చెప్పిన అబద్ధం బయటపడ్డాక, బడి వయసు పిల్లలు తొంగిచూడొద్దన్న చోట ఎక్కువగా తొంగిచూశారు, చూడలేదని ఎక్కువగా అబద్ధమాడారు. అంతకంటే చిన్నవాళ్ళలో ఆ తేడా రాలేదు. ఐదేళ్ళు దాటాక సాక్ష్యాల తయారీ ఆపేయమనడానికి ఇదే కారణం.

"తాత నిజంగా ఉన్నాడా?" అని పిల్ల మొదటిసారి అడిగితే "నీకేమనిపిస్తోంది?" అనండి. ఇది ఒక్కసారికే. కథ సాగాలనుకునే పిల్ల తనే ఏదో చెప్పుకుని ఆటకు పోతుంది. రెండోసారి సూటిగా అడిగినా, "బహుమతి డబ్బా మీద రాత నీదే కదా అమ్మా" అని ఆధారం చూపించినా ఇక దాటవేయొద్దు. "తాత వేషం మేమే వేస్తాం. చిన్నపిల్లలతో ఆడే ఆట అది. నువ్వు కనిపెట్టేశావు" చాలు. చుట్టాల ముందు, పండగ ముందురోజు రాత్రి, కారులో స్కూలుకు వెళ్తూ చెప్పొద్దు. నింపాదిగా ఉన్న సాయంత్రం చూసుకోండి. వెంటనే ఒక పని అప్పజెప్పండి: ఈసారి తమ్ముడికి పొట్లం నువ్వే కట్టాలి, ఎక్కడ దాచాలో నువ్వే చూడాలి. మోసపోయానన్న ఉక్రోషం చాలావరకు అక్కడే తీరిపోతుంది. కిండర్‌గార్టెన్ పిల్లల ముందు చెప్పకూడదని కూడా అప్పుడే అనుకోవాలి, లేకపోతే మర్నాడు స్కూలు బస్సులో రచ్చే.

మీ ఒడంబడిక "రహస్యం" అనే మాటతో మాత్రం ఉండకూడదు. అమ్మకు చెప్పొద్దు, నాన్నకు చెప్పొద్దు అనే రహస్యాలు పిల్లలకు నేర్పకూడనివి. దీనికి ఒక గడువు ఉంది, పొట్లం విప్పగానే అందరికీ తెలిసిపోతుంది, దీన్ని సర్‌ప్రైజ్ అంటారని తేడా చెప్పండి.

అపోహ: ముసుగు తాతను చూసి ఏడ్చేది పిరికిపిల్లలు.

వాస్తవం: ఏడ్చేది వయసు. 1969లో ఒక అమెరికన్ పరిశోధకురాలు మేనార్డ్ అనే పిల్లికి పిల్లల కళ్ళముందే కుక్క ముసుగు తొడిగింది. మూడేళ్ళ పిల్లల్లో చాలామందికి అది కుక్క అయిపోయింది. ఐదారేళ్ళ వాళ్ళకు అది పిల్లే. ఇక గజ్జెలు, ఒళ్ళంతా పసుపు, చేతిలో కొరడాతో బోనాల్లో పోతరాజు ఎదురైతే మూడేళ్ళవాడు ఏమైపోవాలి? మెడమీద ఎక్కించుకుని ముందుకు తోయకండి. ఎత్తుకుని, ముప్పై అడుగుల దూరంలో, వాడే చూడాలనుకునేంతసేపు నిలబడండి. మాల్ ఫొటోకూ ఇదే పద్ధతి. వీలైతే రెండు రోజుల ముందు ఇంట్లో నాన్న అద్దం ముందు, పిల్ల చూస్తుండగా, దూది గడ్డం పెట్టుకుని తీసి, పెట్టుకుని తీసి చూపించాలి. మొహం గడ్డంలోకి ఎలా మాయమవుతుందో చూస్తే భయం బాగా తగ్గుతుంది. గడ్డం పెట్టుకుని హఠాత్తుగా గదిలోకి దూకితే చేసినదంతా పోతుంది.

మిగతావి త్వరగా.

నమ్మే పిల్లలు మందబుద్ధులన్నది శుద్ధ తప్పు. 2004లో అమెరికాలో మిఠాయి మంత్రగత్తె అనే కొత్త పాత్రను కల్పించి బడి ఈడు ఇంకా రాని పసివాళ్ళకు చెప్పారు. రాత్రి వచ్చి మిఠాయి తీసుకుని బొమ్మ పెట్టిపోయినట్టు ఇళ్ళల్లో చేశారు. వాళ్ళలో కాస్త పెద్ద పిల్లలు, ఇంటికి బొమ్మ వచ్చాక, మరింత గట్టిగా నమ్మారు. నమ్మదగిన పెద్దలు చెప్పారు, ఆధారమూ కనబడింది. తెలివైన బుర్ర చేసే పనే అది.

మన కల్పనలకు ఈ చిక్కు లేదనుకోవడమూ పొరపాటే. నెమలీక పుస్తకంలో పెట్టి మేత వేస్తే పిల్లలు పెడుతుందనడం, ఊడిన పాలపన్ను ఇంటికప్పు మీదికి విసరడం హాయైన ఆటలు, కానివ్వండి. వినాయక చవితి చంద్రుడి దగ్గర మాత్రం సగం కథే చెబుతారు. నీలాపనింద భయం పెట్టి వదిలేస్తే భయస్తురాలైన పిల్ల ఆ రాత్రంతా కిటికీ పరదా లాగుతూనే ఉంటుంది. శమంతకమణి కథ విని అక్షతలు తలమీద వేసుకుంటే ఏ నిందా రాదనే విరుగుడు వ్రతకథలోనే ఉంది. దాన్నీ చెప్పి, తలమీద నాలుగు అక్షతలు వేయండి.

"అయితే దేవుడు లేడని కూడా చెప్పమంటారా?" అని కోపంగా అడిగేవాళ్ళున్నారు. అది మీ విశ్వాసం, మీరు నమ్మేది మీరు చెబుతున్నారు. తాత బిస్కెట్ సంగతి అలా కాదు, అది తిన్నది ఎవరో మీకు తెలుసు.

అక్షరాలా అర్థం చేసుకునే పిల్లలకు, ఆటిజం ఉన్నవాళ్ళకు మొదటినుంచీ ఇది వేషమని చెప్పి ఆడండి. సరదా ఏమీ తగ్గదు.

బహుమతి ఖరీదు సంగతి ఎవరూ పట్టించుకోరు. తాత పేరుతో వంద, రెండొందల వస్తువు చాలు. సైకిలు, టాబ్లెట్ లాంటివి అమ్మానాన్నల పేరుతోనే ఇవ్వండి. పై అంతస్తు పిల్లకు తాత సైకిలిచ్చి, వాచ్‌మన్ కూతురికి చాక్లెట్ ఇస్తే ఆ పిల్ల చేసుకునే అర్థం ఒకటే, తాను మంచిపిల్ల కాదని. కమిటీ తాత సంచిలో అందరికీ ఒకే రకం పొట్లాలు ఉండాలి, పనివాళ్ళ పిల్లల పేర్లు జాబితాలో ముందే రాసుకోవాలి.