రోహిణి కార్తెలో సూడి గొర్రె

పల్నాడు మందల్లో ఆగస్టులో పుట్టే పిల్లలు కొన్ని చేతుల్లోకి తీసుకుంటే బరువే తెలియదు. అప్పటికి వానలు పడి గట్లు పచ్చబడి ఉంటాయి, తల్లి కడుపునిండా మేస్తుంటుంది. అయినా పిల్ల బక్కగా ఎందుకు పుట్టింది? పొట్టేలులో లోపం అంటారు, దిష్టి అంటారు. అసలు కారణం అంతకు రెండు నెలల ముందు, రోహిణి కార్తెలో ఉంది.

గొర్రె సుమారు 150 రోజులు మోస్తుంది. మార్చి నడుమ పొట్టేలుతో దాటితే ఆగస్టు నడుమ ఈనుతుంది. కడుపులో పిల్లకు తల్లి నుంచి ఆహారం అందించే మాయ జోరుగా పెరిగి నిండుకు వచ్చేది 75, 80 రోజుల ప్రాంతంలో. రోళ్లు పగులుతాయనే ఎండలు సరిగ్గా అప్పుడే.

ఈ మాయ సంగతి తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. అండం విడుదలయ్యాక అండాశయంలో ఏర్పడే పచ్చటి ముద్ద (కార్పస్ లూటియం) రసమే గర్భాన్ని నిలుపుతుందని 1929లో అమెరికా శాస్త్రవేత్తలు కార్నర్, అలెన్ కుందేళ్లలో చూపించారు. 1934లో ఆ రసంలోని హార్మోన్‌ని, అంటే ప్రొజెస్టిరాన్‌ని, శుద్ధంగా వేరుచేశారు. గొర్రెలో రెండు నెలలు దాటాక ఈ హార్మోన్ తయారీ మాయ చేతికి వస్తుంది. అంటే మాయ చిన్నదైతే పిల్లకు ఆహారమూ తగ్గుతుంది, హార్మోనూ తగ్గుతుంది.

ఎండ మాయనే దెబ్బతీస్తుందని తర్వాత వేడి గదుల్లో సూడి (కడుపుతో ఉన్న) గొర్రెల్ని ఉంచి చేసిన పరిశోధనల్లో తేలింది. గొర్రె తిండి తగ్గించేస్తుంది కదా, అదే కారణమేమో అన్న అనుమానం సహజం. నీడలో ఉన్న గొర్రెకూ అంతే మేత పెట్టి పోల్చినా, వేడిలో ఉన్నదాని మాయే చిన్నదైంది. ఒళ్లు చల్లబరచుకోవడానికి రక్తం చర్మానికీ, రొప్పే కండరాలకూ మళ్లుతుంది, గర్భసంచికి తగ్గుతుంది. థైరాయిడ్ హార్మోన్లు కూడా పడిపోతాయి. రాజస్థాన్ అవికానగర్‌లో 1962లో పెట్టిన కేంద్ర గొర్రెల పరిశోధన సంస్థ మరో అడుగు వేసి ఎండ, అరమేత, దూరపు నడక మూడూ కలిపి పరీక్షించింది. మన మందల బతుకు అచ్చం అదే.

రెంటచింతల పక్కన మే నెల మధ్యాహ్నం చూడండి. తుమ్మచెట్టు కింద గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడి ఉంటాయి. డొక్కలు ఎగిరెగిరి పడుతుంటాయి. అన్నిటికన్నా వెనక, మందతో నడవలేక ఆగిపోయేది తరచూ సూడిదే.

మార్చిలో ఎందుకు దాటుతుందంటే, వరి కోశాక డెల్టా మాగాణుల్లో మేసి ఒళ్లు చేసి ఎదకొస్తుంది కాబట్టి. ఒకప్పుడు ఆ చేలల్లో పిల్లిపెసర, జనుము లాంటి మేత పైర్లు చల్లేవారు. ఇప్పుడు చాలాచోట్ల వరి వెనకే మొక్కజొన్న. మంద దిగడానికి చేను ఖాళీగా ఉండదు. ఏప్రిల్ కల్లా మేత అయిపోతుంది, ఎండ మాత్రం మొదలవుతుంది. నాకు బాధ కలిగించేది ఇదే: దిగుబడి పెరిగిందన్న లెక్కలో ఈ నష్టాన్ని ఎవరూ రాయరు.

మార్చిలో దాటకుండా పొట్టేలు పొట్ట కింద గోనెపట్టా కట్టి, జూన్ నడుమ విప్పితే ఈతలు నవంబరుకు జరుగుతాయి, మాయ పెరిగే రోజులు వానల్లో పడతాయి. అలా కుదరని మందలో రోహిణి నాటికి మూడో నెలలో ఉన్న గొర్రెల్ని విడదీసి, మధ్యాహ్నం నీడలో కట్టి, గుప్పెడు దాణా, నీళ్లు పెట్టాలి.