మంచు కింద మందలు, తాళాలేసిన ఆఫీసులు

2013 అక్టోబర్ మొదటి వారం, అమెరికాలోని సౌత్ డకోటా పశ్చిమ ప్రాంతం. పశువులు ఇంకా వేసవి బీళ్లలోనే మేస్తున్నాయి. చలిని ఆపే దట్టమైన బొచ్చు అప్పటికింకా రాలేదు. ముందు వాన గంటల తరబడి కురిసి వాటిని తడిపి ముద్ద చేసింది. ఆ వెంటనే మంచు, దానికి తోడు గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలి. గాలి ఎటు తోస్తే పశువు అటే నడుస్తుంది. పేరుకున్న మంచులో కంచెలు మునిగిపోయాయి. వాటి మీదుగా దాటుకుంటూ పోయి చాలా పశువులు వాగుల్లో పడ్డాయి, కొన్ని మైళ్ల అవతల గుంపులుగా చచ్చిపడి కనిపించాయి. చెవి ట్యాగులు, ఒంటి మీది ముద్రలు చూసి ఏది ఎవరిదో పోల్చుకోవాల్సి వచ్చింది. ‘అట్లాస్’ అని పేరు పెట్టిన ఆ తుపానులో పదివేలకు పైగా పశువులు పోయాయి.

నష్టం రాయించుకుందామంటే వ్యవసాయ శాఖ స్థానిక ఆఫీసులకు తాళాలు. బడ్జెట్ గొడవతో అక్టోబర్ 1 నుంచే ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం షట్‌డౌన్‌లో ఉంది, అంటే చాలా ఆఫీసులు మూతపడ్డాయి. ఆఫీసు తెరిచి ఉన్నా పెద్దగా ఒరిగేదేమీ లేదు లెండి. చచ్చిన పశువులకు పరిహారమిచ్చే పథకం 2008 ఫార్మ్ బిల్లుతో (వ్యవసాయ పథకాలకు కొన్నేళ్లకోసారి చేసే చట్టం) వచ్చింది, 2011 సెప్టెంబర్ 30తో దాని గడువు తీరిపోయింది. తర్వాత బిల్లును పొడిగించారు గానీ ఈ పద్దుకు డబ్బు పెట్టలేదు. ఫొటోలు తీసి పెట్టుకోవడం, ఇరుగుపొరుగుతో సాక్ష్యం రాయించుకోవడం... రాంచర్ల (మందలు పెంచేవాళ్ల) చేతిలో ఉన్నది అంతే.

ఆ నేల మీద మందలు పోవడం కొత్త కాదు. 1886-87 చలికాలంలో ఉత్తర మైదానాల్లో మందలకు మందలే తుడిచిపెట్టుకుపోయాయి. అప్పుడు డకోటాలో పశువులు పోగొట్టుకున్నవాళ్లలో, తర్వాతి కాలంలో ప్రెసిడెంట్ అయిన థియోడర్ రూజ్‌వెల్ట్ కూడా ఉన్నాడు. విచిత్రమేమిటంటే, సరిగ్గా ఆ చలికాలంలోనే, 1887 ఫిబ్రవరిలో, ప్రెసిడెంట్ గ్రోవర్ క్లీవ్‌లాండ్ ఒక చిన్న బిల్లును వీటో చేశాడు. కరవులో చిక్కుకున్న టెక్సస్ రైతులకు విత్తనాల కోసం 10,000 డాలర్లు ఇవ్వాలన్నది ఆ బిల్లు. ప్రజలు ప్రభుత్వాన్ని పోషిస్తారు గానీ, ప్రభుత్వం ప్రజల్ని పోషించకూడదన్నది ఆయన మాట. డాలరు విలువ మారిన సంగతి పక్కన పెడితే, ఇప్పుడు పది ఆవులు పోయిన రాంచర్‌కు ప్రభుత్వ పరిహారంగా అంతకంటే ఎక్కువే వస్తుంది.

ఆ పట్టుదలను 1934 కరవు సడలించింది. మేత లేక బక్కచిక్కిన పశువులను ప్రభుత్వమే తలకు 20 డాలర్ల దాకా ఇచ్చి కొనేసింది. తినడానికి పనికిరానివాటిని అక్కడికక్కడే చంపేశారు, మిగతావాటి మాంసం పేదలకు పంచారు. పెంచినవాడి కళ్ల ముందే ఇదంతా జరిగింది. అయినా దివాలా తీయకుండా ఆ డబ్బే చాలామందిని కాపాడింది.

పంటల దారి వేరు. 1938లో గోధుమతో బీమా మొదలైంది. 1973 చట్టంతో నేరుగా విపత్తు చెల్లింపులు వచ్చాయి. పంట నమ్మకం లేని నేలల్లోనూ సాగు పెరగడానికి అవే కారణమన్న విమర్శ రావడంతో 1980లో మళ్లీ బీమా వైపు మళ్లారు. బీమా ఉంటే ప్రత్యేక సాయం అక్కర్లేదనుకున్నారు. 1988లో పెద్ద కరవు వచ్చింది, కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) మళ్లీ ప్రత్యేక చట్టం చేసింది. అప్పటినుంచి ఇదొక అలవాటైపోయింది: ముందు విపత్తు, తర్వాత బేరసారాలు, ఆ తర్వాత డబ్బు.

పశువుల విషయంలో మాత్రం అట్లాస్ నష్టం కాంగ్రెస్ ముందున్నప్పుడే ఆ అలవాటు కొంత మారింది. 2014 ఫిబ్రవరి 7న ఒబామా సంతకం చేసిన చట్టం, చచ్చిన పశువులకు పరిహారమిచ్చే పాత పథకాన్ని శాశ్వతం చేసింది. మార్కెట్ ధరలో 75 శాతం పరిహారం, అదీ 2011 అక్టోబర్ 1 నుంచి జరిగిన నష్టాలకు వర్తించేలా. దరఖాస్తులు ఏప్రిల్ 15న మొదలయ్యాయి. ఆరు నెలల కిందట తీసిపెట్టుకున్న ఫొటోలు అప్పుడు బయటికొచ్చాయి.

పంట రైతులకు ఇప్పటికీ పాత పద్ధతే నడుస్తోంది. 2023, 2024 సంవత్సరాల విపత్తు నష్టాలకు కాంగ్రెస్ 2024 డిసెంబర్‌లో దాదాపు 2,100 కోట్ల డాలర్లు కేటాయించింది. అందులో పంట నష్టాల ప్రధాన పథకానికి దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది 2025 జులైలో.