కోడ్ ఏ రోజు నుంచి మొదలవుతుంది?

ఎన్నికల షెడ్యూలు వెలువడగానే హైదరాబాద్ కూడళ్లలోనూ మెట్రో పిల్లర్ల మీదా ఉన్న రాజకీయ ఫ్లెక్సీలను మున్సిపల్ సిబ్బంది తొలగిస్తారు. ఇంత పని చేయించే ఎన్నికల ప్రవర్తనా నియమావళి పార్లమెంటు చేసిన చట్టం కాదు.

సభలు, ఊరేగింపులు, ప్రసంగాలు, నినాదాలు ఎలా ఉండాలో చెప్పే నియమాలు 1960 కేరళ శాసనసభ ఎన్నికల వేళ మొదట రూపుదిద్దుకున్నాయి. 1962 లోక్‌సభ ఎన్నికల్లో ఎన్నికల సంఘం వాటిని గుర్తింపు పొందిన పార్టీలకు పంపింది. అయితే ప్రభుత్వ వాహనం, అతిథిగృహం, ఖజానా అధికార పక్షం చేతిలోనే ఉంటాయి కనుక, 1979లో పార్టీలతో సంప్రదించి ఆ పక్షం కోసం ప్రత్యేకంగా ఒక భాగం చేర్చారు. నియమావళికి ప్రాణం ఆ భాగమేనని నా నమ్మకం. 1990 డిసెంబరులో టి.ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్ అయ్యాక దాని అమలు బిగిసింది.

అమలు బిగిసేకొద్దీ ఎప్పటి నుంచి అన్న పేచీ ముదిరింది. షెడ్యూలు ప్రకటించిన రోజు నుంచే కోడ్ వర్తిస్తుందన్న ఎన్నికల సంఘం వాదనను 1997లో పంజాబ్, హర్యానా హైకోర్టు సమర్థించింది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లగా, నామినేషన్లకు తెరతీసే నోటిఫికేషన్‌కు సాధారణంగా మూడు వారాలకు మించి ముందుగా షెడ్యూలు ప్రకటించకూడదన్న అవగాహనతో 2001లో వివాదం ముగిసింది.

ఆ ఏర్పాటు చాలదని తెలంగాణలో తేలింది. 2018 సెప్టెంబరు 6న శాసనసభ రద్దయింది. షెడ్యూలు వచ్చింది అక్టోబరు 6న. ఈ నెల రోజులూ ఆపద్ధర్మ ప్రభుత్వం కొత్త పథకాలు ప్రకటించుకోవచ్చా? సభ గడువుకు ముందే రద్దయితే ఆ రోజు నుంచే కోడ్ వర్తిస్తుందని, ఆ రాష్ట్రానికి సంబంధించినంతవరకు కేంద్రం కూడా దానికి కట్టుబడాలని ఎన్నికల సంఘం సెప్టెంబరు 27న స్పష్టం చేసింది.

తెలంగాణలోనే 2023 నవంబరు 30న శాసనసభ ఎన్నికల పోలింగ్ జరగవలసి ఉండగా, రైతుబంధు పెట్టుబడి సాయం పంపిణీకి ఇచ్చిన అనుమతిని, ఒక మంత్రి ప్రచారంలో దానిని ప్రస్తావించారన్న కారణంతో ఎన్నికల సంఘం 27న వెనక్కి తీసుకుంది. సాయం కోసం ఎదురుచూస్తున్న రైతుకు అది కష్టమే, కానీ పోలింగ్ ముంగిట ఖజానా సొమ్ము ఒక పార్టీ ప్రచారంగా మారడం అంతకన్నా పెద్ద అన్యాయం.

నియమావళికి చట్టబద్ధత కల్పించాలని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం సిఫారసు చేసింది. కేసులు తేలేలోగా ఎన్నికే ముగిసిపోతుందన్నది ఎన్నికల సంఘం అభ్యంతరం. రైతుబంధు ఉత్తర్వుకూ పోలింగ్‌కూ మధ్య ఉన్నవి మూడు రోజులే. ఏ కోర్టు విచారణకైనా అవి చాలేవి కావు.