సెఫిరోత్ తోలుబొమ్మా, ఆడించినవాడా? 1997 నుంచీ తెగని వాదన

ఫైనల్ ఫాంటసీ 7 జపాన్‌లో 1997 జనవరి 31న, అమెరికాలో అదే ఏడాది సెప్టెంబరులో విడుదలైంది. ప్లేస్టేషన్ మీద మూడు డిస్కుల ఆట. అందులోని ప్రతినాయకుడు సెఫిరోత్ గురించి అభిమానులు అప్పటి నుంచీ వాదించుకుంటూనే ఉన్నారు. పైకి ఒకటే గొడవలా కనిపించినా అందులో మూడు ప్రశ్నలున్నాయి. ఆటంతా మనం వెంటాడేది నిజంగా సెఫిరోత్‌నేనా? అతనికి కావలసిందేమిటి? చివరికి చచ్చాడా, లేదా? ఈ మూడింటినీ ఒకే ముడి వేసి లాగడం వల్లే వాదన తెగడం లేదు. కథంతా విప్పకుండా వీటి గురించి మాట్లాడలేం కాబట్టి, ఇంకా ఆడనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

మూలం నిబెల్‌హైమ్‌లో ఉంది. ఆట మొదలవడానికి ఐదేళ్ల ముందు షిన్రా కంపెనీ తన మేటి యోధుడు సెఫిరోత్‌ను ఆ కొండ ఊరికి పంపింది. పని, గ్రహపు శక్తిని తోడే అక్కడి మాకో రియాక్టర్‌ను పరిశీలించడం. రియాక్టర్ లోపలి గది మీద ‘జెనోవా’ అన్న పేరు కనిపించింది. తన తల్లి పేరు అదేననీ, తనను కంటూనే ఆమె చనిపోయిందనీ అతనికి చిన్నప్పటి నుంచీ చెప్పారు. ఆ పేరు పట్టుకుని షిన్రా బంగళా నేలమాళిగలోకి వెళ్లి, అక్కడున్న పరిశోధన కాగితాలన్నీ చదవడం మొదలుపెట్టాడు. రెండు వేల ఏళ్ల నాటి మట్టిపొరలో జెనోవాను కనుగొన్న ప్రొఫెసర్ గ్యాస్ట్, ఆమెను సెట్రా అనే ప్రాచీన జాతి స్త్రీగా రాసిపెట్టాడు. ఆ రాత తప్పు. జెనోవా ఆకాశం నుంచి ఊడిపడిన జీవి. సెట్రాల జాతిని దాదాపుగా తుడిచిపెట్టింది కూడా ఆమే. సెఫిరోత్‌కు అందింది మాత్రం ఆ తప్పుడు రాతే. తాను సెట్రా వారసుడిననీ, గండం వచ్చినప్పుడు దాక్కుని బతికిపోయిన మనుషులు తన జాతికి ద్రోహం చేశారనీ నమ్మి ఊరిని తగలబెట్టాడు.

అసలు అతని తల్లిదండ్రులు షిన్రా శాస్త్రవేత్తలు హోజో, లుక్రీషియా. కడుపులో ఉండగానే జెనోవా కణాలు అతనిలోకి ఎక్కించారు. అంటే అతని మొదటి పగకు పునాది ఒక శాస్త్రవేత్త పొరపాటు. అతను పుట్టుకతో పిచ్చివాడని తేల్చేసేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

ఆ రాత్రి రియాక్టర్‌లో, అప్పటికి మామూలు సిపాయిగా ఉన్న ఆట కథానాయకుడు క్లౌడ్ అతన్ని కిందికి విసిరేశాడు. సెఫిరోత్, అక్కడ దాచిన జెనోవా శరీరం నుంచి తెగిన తలతో సహా, గ్రహపు జీవశక్తి ప్రవాహమైన లైఫ్‌స్ట్రీమ్‌లో పడ్డాడు. తల లేని మొండాన్ని షిన్రా మిడ్గార్ నగరంలోని తన ప్రధాన కార్యాలయానికి తరలించింది. వాదనకు కీలకం ఇక్కడే ఉంది: ఒకే జీవి రెండు చోట్లకు చీలింది. తలా సెఫిరోత్ శరీరమూ ఉత్తరాన ఉన్న బిలానికి చేరాయి, మొండెం మిడ్గార్‌లో ఉండిపోయింది.

ఐదేళ్ల తర్వాత ఆ మొండెం తొట్టి బద్దలుకొట్టుకుని బయటికొస్తుంది. నెత్తుటి చార వెంట మనం పైకి వెళ్తే షిన్రా ప్రెసిడెంటు వీపులో సెఫిరోత్ కత్తి మసమునే దిగి ఉంటుంది. అక్కడి నుంచి సెఫిరోత్ ఎదురుపడ్డాక మనం పోరాడేవాటి పేర్లు గమనించండి. సరుకుల ఓడలో జెనోవా బర్త్, క్లౌడ్ జట్టులోని సెట్రా అమ్మాయి ఏరిత్ చనిపోయిన చోట జెనోవా లైఫ్, ఉత్తరాన సుడిగాలి దారుల్లో జెనోవా డెత్. అతను మాయమయ్యాక మిగిలేది జెనోవా ముక్కే. ఏరిత్‌ను పొడిచిన చెయ్యి, మాంసం పరంగా చూస్తే, జెనోవాదే. ‘చేసిందంతా జెనోవా, సెఫిరోత్ వట్టి ముసుగు’ అనే వర్గం ఈ ఆధారం మీదే నిలబడింది. దానికి తోడు ఏరిత్ తల్లి ఇఫాల్నా సాక్ష్యం ఉంది: సెట్రాల దగ్గరికి జెనోవా వాళ్ల చనిపోయిన తల్లుల రూపంలో, అన్నదమ్ముల రూపంలో వచ్చిందని ఆమె చెబుతుంది. రూపం మార్చడం ఆమె విద్య అయినప్పుడు సెఫిరోత్ రూపం కూడా అలాంటిదే కావచ్చు కదా అని వాళ్ల ప్రశ్న.

దీనికి జవాబు ఆటలోనే ఉంది, అదీ హోజో నోట. జెనోవా కణాలు ఎంత చెదిరినా తిరిగి ఒక్కచోటికి చేరతాయన్నది అతని ‘రీయూనియన్’ సిద్ధాంతం. దాన్ని పరీక్షించడానికే నిబెల్‌హైమ్‌లో బతికి బయటపడ్డవాళ్లకు ఆ కణాలెక్కించాడు. నల్ల ముసుగుల్లో తూలుతూ తిరిగేవాళ్లు వీళ్లే. మిడ్గార్ సెక్టార్ 5 మురికివాడలో గొట్టంలో పడి ఉండే, ఒంటి మీద 2 అంకె ఉన్న మనిషిని చాలామంది మొదటిసారి పట్టించుకోకుండా దాటిపోతారు. మొండెం మిడ్గార్‌లో ఉంది కాబట్టి అందరూ అక్కడికే వస్తారని హోజో లెక్కవేశాడు. లెక్క తప్పింది. అందరూ ఉత్తరానికి నడిచారు, చివరికి ఆ మొండెం కూడా అటే బయల్దేరింది. సెఫిరోత్ లైఫ్‌స్ట్రీమ్‌లో కరిగిపోలేదనీ, ఈ నకళ్లను అతనే నడిపిస్తున్నాడనీ అప్పుడు అర్థమైందని సుడిగాలి దారుల దగ్గర హోజోయే చెబుతాడు.

తల ఉత్తరానే ఉంది కదా, పిలిచింది అదే కావచ్చు అని అవతలి వర్గం అంటుంది. కొట్టిపారేయదగ్గ మాట కాదు. కానీ ఆటలో ఎక్కడా జెనోవా తన సొంత కోరికతో మాట్లాడిన సందర్భం లేదు. చెప్పిన పథకమంతా సెఫిరోత్‌దే. ఆట తయారుచేసిన స్క్వేర్ ఎనిక్స్ 2005లో వేసిన అల్టిమానియా ఒమేగా అనే వివరణ పుస్తకం కూడా సెఫిరోత్ సంకల్పానిదే పైచేయి అని రాసింది. శరీరం జెనోవాది, బుద్ధి సెఫిరోత్‌ది. మొదటి ప్రశ్న నా దృష్టిలో ఇక్కడితో తేలిపోయింది.

మెటియర్ అనే ఉల్కను రప్పించే మంత్రపు రాయి బ్లాక్ మెటీరియా చేతులు మారిన తీరు చూసినా ఇదే కనిపిస్తుంది. ప్రాచీనుల ఆలయంలో క్లౌడ్ దాన్ని సెఫిరోత్ రూపానికి ఇచ్చేస్తాడు. ఆ రూపం దాన్ని వెంటనే వాడదు, ఉత్తరానికి మోసుకెళ్తుంది. దారిలో జెనోవా డెత్‌గా మన చేతిలో ఓడిపోతే మెటీరియా మళ్లీ మనకే దొరుకుతుంది. అప్పుడు ఒంట్లో జెనోవా కణాలున్న క్లౌడే మోతగాడవుతాడు, స్ఫటికంలో ఇరుక్కున్న అసలు శరీరానికి స్వయంగా అప్పగిస్తాడు. చేరాల్సిన చోటు మొదటి నుంచీ సెఫిరోత్ శరీరమే.

ఇంత స్పష్టంగా ఉంటే ఇన్నేళ్ల గొడవ ఎందుకు? సగం సాక్ష్యం తప్పనిసరి దారిలో లేకపోవడం వల్ల. ఇఫాల్నా మాటలు రెండో డిస్కులో ఐసికిల్ ఇన్ అనే మంచు ఊళ్లో, గ్యాస్ట్ ఇంట్లోని వీడియో రికార్డుల్లో ఉన్నాయి. ఆ ఇంట్లోకి వెళ్లి యంత్రాన్ని తడిమితేనే నడుస్తాయి, వెళ్లకపోయినా కథ ఆగదు. లుక్రీషియా కథ ఇంకా లోతున ఉంది. ముందు నిబెల్‌హైమ్ బంగళాలోని సేఫ్ తెరవాలి: కుడికి 36, ఎడమకి 10, కుడికి 59, మళ్లీ కుడికి 97. సమయం 20 సెకన్లు. అంకె దాటిపోయి వెనక్కి తిప్పితే మళ్లీ మొదటికే, అందుకే దగ్గరికొచ్చేసరికి నెమ్మదించాలి. అందులోంచి దూకే లాస్ట్ నంబర్‌ను ఓడిస్తే నేలమాళిగ తాళంచెవి వస్తుంది, శవపేటికలో పడుకున్న విన్సెంట్ (ఒకప్పుడు లుక్రీషియాను ప్రేమించినవాడు) లేస్తాడు. ఆ తర్వాత జలాంతర్గామి దొరికాక విన్సెంట్‌ను జట్టులో ఉంచుకుని జలపాతం వెనకున్న గుహకు వెళ్తే లుక్రీషియా కనిపిస్తుంది. విన్సెంట్ లేకుండా వెళ్తే ఆ సంభాషణ రాదు. కన్న బిడ్డను ఒక్కసారైనా ఎత్తుకోనివ్వలేదన్న ఆమె మాట వినకుండానే ఎంతోమంది ఆట పూర్తిచేశారు. హోజో మటుకు మిడ్గార్ ఫిరంగి దగ్గర చావబోయే ముందు, సెఫిరోత్ తన కొడుకేననీ ఆ సంగతి వాడికి తెలియదనీ అందరి ముందూ చెప్పేస్తాడు.

ఇక కోరిక. నిబెల్‌హైమ్‌లో అతను వారసత్వం అడిగాడు. ఆలయం దగ్గరికి వచ్చేసరికి ఆ మాటే లేదు. బ్లాక్ మెటీరియాతో మెటియర్‌ను రప్పించి గ్రహానికి పెద్ద గాయం చేయాలి. గాయం మానడానికి లైఫ్‌స్ట్రీమ్ అంతా అక్కడికి చేరుతుంది. దాని నడిమధ్యన తానుండి ఆ శక్తినంతా పీల్చుకుని దేవుడు కావాలి. సెట్రాల పునరుద్ధరణ ఇందులో ఎక్కడా లేదు. ఐదేళ్లు లైఫ్‌స్ట్రీమ్‌లో ఉండి ప్రాచీనుల జ్ఞానం తాగినవాడికి తాను సెట్రా కాదని తెలిసే ఉంటుందని కొందరి వాదన. ఆట ఆ సంగతి నేరుగా చెప్పదు. చెప్పకపోయినా పగ అహంగా మారిన తీరు మాత్రం దాచలేనంత స్పష్టంగా ఉంది.

అంతం గురించి 1997 ఆట తక్కువ మాట్లాడింది. సెఫిరోత్ చివరి రూపాలు బిజారో, సేఫర్ ఓడిపోయాక క్లౌడ్ ‘ఇంకా ఇక్కడే ఉన్నాడు’ అంటాడు. తర్వాతి ద్వంద్వ యుద్ధం ఎక్కడ జరిగిందో తేల్చకుండా, క్లౌడ్ చైతన్యం లోపల జరిగినట్టు చూపించారు. ఆపై 500 ఏళ్ల తర్వాత పచ్చబడ్డ మిడ్గార్ శిథిలాలు, అంతే.

2005లో వచ్చిన కొనసాగింపు సినిమా అడ్వెంట్ చిల్డ్రన్ ఆ ఖాళీని పూరించింది. చనిపోయినవాళ్ల జ్ఞాపకాలు లైఫ్‌స్ట్రీమ్‌లో కలిసిపోవడం ఆ ప్రపంచ నియమం. సెఫిరోత్ కలవనన్నాడు. కజుషిగె నొజిమా రాసిన లైఫ్‌స్ట్రీమ్ బ్లాక్ కథ ప్రకారం అతను మిగతా జ్ఞాపకాలన్నీ వదిలేసి క్లౌడ్ తలపునే పట్టుకుని తనను తాను నిలుపుకున్నాడు. జియోస్టిగ్మా అనే రోగం అలా పుట్టిందే. సినిమాలో సెఫిరోత్ అంశగా పుట్టిన కడాజ్ జెనోవా తలను తనలో కలుపుకుంటే పైకి లేచింది జెనోవా కాదు, సెఫిరోత్. పెత్తనం ఎవరిదన్న ప్రశ్నకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. కానీ అక్కడ అతను చెప్పిన కోరిక ఈ గ్రహాన్నే వాహనం చేసుకుని అంతరిక్షంలో తిరగడం, తల్లి చేసినట్టే. జెనోవా వర్గానికి ఈ ఒక్క మాటతో మళ్లీ ప్రాణం వచ్చింది. తల్లిగా భావించినదాన్ని కొడుకు అనుకరించాడనే నేను చదువుకుంటాను.

ఆటను మూడు భాగాలుగా మళ్లీ చేస్తున్న వరసలో మొదటిదిగా 2020 ఏప్రిల్ 10న వచ్చిన రీమేక్ మూడో ప్రశ్నను తిరగదోడింది. పాత ఆటలో మిడ్గార్ దాటేదాకా అతని నెత్తుటి చార, కత్తి తప్ప కనిపించవు. ఇక్కడ మొదటి గంటల్లోనే ఎదురుపడతాడు, జరగబోయేది తెలిసినవాడిలా మాట్లాడతాడు, చివర్లో క్లౌడ్‌ను తనతో కలిసి విధిని ధిక్కరించమంటాడు. అడ్వెంట్ చిల్డ్రన్ తర్వాతి సెఫిరోత్ ఇతనేనన్న ఊహ అందుకే బలపడింది. 2024 ఫిబ్రవరి 29న వచ్చిన రెండో భాగం రీబర్త్‌లో రీయూనియన్ అంటే కణాల కలయిక ఒక్కటే కాదు, విడిపోయిన లోకాల కలయిక కూడా. ఒకసారి ఓడినవాడికి ఓటమి లేని లోకం కావాలి. మెటియర్ పథకం కన్నా ఈ కోరిక అతనికి బాగా నప్పిందని నా అభిప్రాయం.

మూడో భాగం ఏం తేల్చినా ఒక లంకె ఇప్పటికే బిగిసింది. రీబర్త్ చివర్లో బ్లాక్ మెటీరియా సెఫిరోత్ దగ్గర లేదు, క్లౌడ్ దాన్ని తన కత్తి పిడి దగ్గరి గూట్లో పెట్టుకున్నాడు. ఉత్తర బిలానికి దాన్ని ఎవరు మోస్తారన్నది 1997లో చివరి క్షణంలో తేలిన సంగతి. ఈసారి మోతగాడు ముందే సిద్ధంగా ఉన్నాడు.