ప్యారిస్ దాటితే ఫ్రాన్స్‌లో ఏముంది? అపోహలు – వాస్తవాలు

ఫ్రాన్స్ ట్రిప్ ప్లాన్ చేసి పెట్టమని నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో చాలామంది అప్పటికే ఒక లెక్క వేసుకుని వస్తారు. ప్యారిస్‌లో నాలుగు రాత్రులు, అట్నుంచటే స్విట్జర్లాండ్. మధ్యలో ఉన్న దేశమంతా రైలు కిటికీలోంచి చూసేస్తే చాలనుకుంటారు. నేను లియాన్‌లో ఉంటూ ఇదే పని చేస్తున్నాను. ఇన్ని మంచి ఊళ్లను వదిలేసి వెళ్లిపోతుంటే బాధగా ఉంటుంది. అలా వదిలేయడానికి వాళ్లు చెప్పే కారణాల్లో చాలావరకు నిజం కాదు. తరచూ వినే వాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: ప్యారిస్‌లోనే మకాం పెట్టి, మిగతా ఊళ్లకు పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు.

వాస్తవం: టైమ్‌టేబుల్ చూస్తే వచ్చేయొచ్చనే అనిపిస్తుంది. అందుకే ఈ అపోహ ఒక పట్టాన పోదు. ప్యారిస్ నుంచి లియాన్ వైపు టీజీవీ అనే హైస్పీడ్ రైలు 1981లో మొదలైంది, ఇప్పుడు ప్రయాణం సుమారు రెండు గంటలు. 2016లో కొత్త లైను పూర్తయ్యాక స్ట్రాస్‌బర్గ్‌కు గంటా ముప్పావు, 2017 నుంచి బోర్డోకు రెండు గంటల పైచిలుకు. లీల్ అయితే గంటే. కానీ హోటల్లో బయల్దేరి మెట్రో పట్టుకుని స్టేషన్‌కు చేరడం, ప్లాట్‌ఫాం నంబరు పడేదాకా నిలబడటం, రైలు కదలడానికి రెండు నిమిషాల ముందే తలుపులు మూస్తారు కాబట్టి ఇంకాస్త ముందే ఎక్కడం, ఇవన్నీ కలిపితే ఊళ్లో అడుగుపెట్టేసరికి పదిన్నర అవుతుంది. పన్నెండింటికి భోజనాల వేళ. సాయంత్రం ఆరయ్యేసరికి మళ్లీ స్టేషన్ వైపు పరుగు.

ఈ ఊళ్లకు అందం వచ్చేదే ఆరు తర్వాత. స్ట్రాస్‌బర్గ్‌లో పెతీత్ ఫ్రాన్స్ అనే కాలవల పేట పగలంతా టూరిస్టు గుంపులతో నిండి ఉంటుంది. వాళ్ల బస్సులు వెళ్లిపోయాక వంతెనల మీద నడుస్తుంటే నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. బోర్డోలో నది ఒడ్డున రాతిపలకల మీద పల్చగా నీళ్లు నిలిపిన ‘నీటి అద్దం’ ఉంది. ఎదురుగా ఉన్న 18వ శతాబ్దపు భవనాలు ఆ నీళ్లలో బాగా కనబడేది దీపాలు వెలిగాకే.

నేను అందరికీ చెప్పే పద్ధతి ఒకటే. ఒక ప్రాంతానికి ఒక ఊరు ఎంచుకుని అక్కడ కనీసం మూడు రాత్రులు ఉండండి. చుట్టుపక్కలకు టీఈఆర్ అనే ప్రాంతీయ రైళ్లలో వెళ్లిరండి. వీటికి సీటు రిజర్వేషన్ అక్కర్లేదు, ఛార్జీ కూడా టీజీవీలో లాగా రోజురోజుకూ మారిపోదు. స్ట్రాస్‌బర్గ్ నుంచి కోల్మార్ అరగంట. లియాన్ నుంచి వియెన్ అరగంట లోపే, అక్కడ రోమన్ల కాలపు గుడి ఊరి నడిబొడ్డున నిలబడి ఉంది. ఇంకో సంగతి. ప్యారిస్ చార్ల్స్ ద గాల్ ఎయిర్‌పోర్టులోనే టీజీవీ స్టేషన్ ఉంది. విమానం దిగి, ప్యారిస్ ఊళ్లోకి వెళ్లకుండానే నేరుగా లియాన్‌కో స్ట్రాస్‌బర్గ్‌కో రైలెక్కొచ్చు. ప్యారిస్‌ను ట్రిప్ చివర్లో పెట్టుకోండి.

అపోహ: టికెట్ మీద ఊరి పేరుంటే ఊళ్లోనే దిగుతాం.

వాస్తవం: పెద్ద లగేజీతో, చిన్న పిల్లలతో వచ్చేవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. హైస్పీడ్ లైన్లు వేసినప్పుడు కొన్ని స్టేషన్లను ఊరి బయట కట్టారు. ‘ఎక్స్ ఆన్ ప్రొవాన్స్ టీజీవీ’లో దిగితే ఊళ్లోకి ఇంకా బస్సెక్కాలి. ‘అవీన్యోన్ టీజీవీ’ కూడా కోట గోడల బయటే ఉంది, అక్కణ్నుంచి ‘అవీన్యోన్ సాంత్ర్’ స్టేషన్‌కు టీఈఆర్‌లో ఐదారు నిమిషాలు. ‘షాంపేన్–ఆర్డెన్ టీజీవీ’ అంటే రాన్స్ అనే ఊరి శివారు. ‘ఓత్ పికార్దీ’ స్టేషన్‌నైతే పొలాల మధ్యే కట్టారు, స్థానికులు దాన్ని బీట్‌రూట్ల స్టేషన్ అని పిలుచుకుంటారు. లియాన్‌లో పార్‌దియూ, పెరాష్ రెండూ ఊళ్లోవే. సెంటెగ్జూపెరీ మాత్రం ఎయిర్‌పోర్టు స్టేషన్. బుక్ చేసే ముందు స్టేషన్ పూర్తి పేరును మ్యాపులో పెట్టి, హోటల్‌కు ఎంత దూరమో చూడండి. ప్యారిస్‌లోనూ అంతే. లియాన్ రైలు గార్ ద లియాన్ నుంచి, స్ట్రాస్‌బర్గ్ రైలు గార్ ద లెస్త్ నుంచి, బోర్డో రైలు మోంపర్నాస్ నుంచి బయల్దేరతాయి. ఒకదాని బదులు ఇంకోదానికి వెళ్తే ఆ రైలు మీద ఆశ వదులుకోవాల్సిందే.

అపోహ: ఒక ఊరు చూస్తే చాలు, అన్నీ ఒకేలా ఉంటాయి. చర్చి, కూడలి, కాఫీ కొట్టు.

వాస్తవం: నీస్ ఫ్రాన్స్‌లో శాశ్వతంగా కలిసింది 1860లోనే, అంతకుముందు సార్డీనియా రాజ్యంలో ఉండేది. మార్సెయ్‌ని క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో గ్రీకులు కట్టుకున్నారు. తులూజ్ పాత పేటలన్నీ ఇటుక రంగులో ఉంటాయి. స్ట్రాస్‌బర్గ్ ఉన్న అల్సాస్ 1871 నుంచి 1918 దాకా జర్మనీ చేతిలో ఉంది. దాని గుర్తు పట్టాల మీద కూడా కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో రైళ్లు మన దేశంలో లాగే ఎడమ లైనులో నడుస్తాయి, అల్సాస్‌లో మాత్రం కుడి లైనులో. అక్కడి కేథడ్రల్ ఎత్తు 142 మీటర్లు. 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలో అంతకు మించిన కట్టడం లేదు.

ఇక లియాన్. ఇక్కడ ‘త్రాబూల్’ అని ఇళ్ల కిందుగా ఒక వీధి నుంచి ఇంకో వీధికి పోయే దారులుంటాయి. బయటి నుంచి చూస్తే మామూలు అపార్టుమెంటు తలుపే. పక్కనున్న బటన్ నొక్కితే తెరుచుకుంటుంది. చీకటి నడవ, చివర వెలుతురు పడే నడిమి వాకిలి, దాని చుట్టూ మెలికలు తిరిగే రాతి మెట్లు, అవతలి పక్క ఇంకో తలుపు. క్రువా రూస్ కొండ మీద ఉన్న ‘కూర్ దె వొరాస్’లో అయితే ఆరంతస్తుల మెట్ల వరస తలెత్తి చూడాల్సినంత ఎత్తున ఉంటుంది. ఆ కొండంతా పట్టు నేతగాళ్లది. అక్కడి ఇళ్లలో గదుల పైకప్పు నాలుగు మీటర్ల దాకా ఉంటుంది, ఎందుకంటే మగ్గం మీద జకార్డ్ యంత్రం పట్టాలి. 19వ శతాబ్దం మొదట్లో ఆ యంత్రాన్ని తయారుచేసిన జోసెఫ్ మరీ జకార్డ్ ఈ ఊరివాడే. ధర్మవరంలో పట్టుచీర అంచుకు, కొంగుకు డిజైన్ తీసే జకార్డ్ పెట్టె వెనకున్నది ఆయన ఆలోచనే. నేత కుటుంబాలవాళ్లు వస్తే నేను ముందు తీసుకెళ్లేది ‘మెజోన్ దె కన్యూ’ అనే పట్టు నేతగాళ్ల మ్యూజియంకు. అక్కడ మగ్గం నడిపి చూపిస్తారు. డిజైన్‌ను నడిపే చిల్లుల అట్టముక్కల దండను మనవాళ్లు చూడగానే గుర్తుపడతారు. కూలీ రేటు కోసం ఇక్కడి నేతగాళ్లు 1831లో తిరగబడ్డారని చెబితే, ఆ తర్వాత ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.

ఒక మనవి. ఆ వాకిళ్లలో మనుషులు కాపురముంటున్నారు. పగటి పూటే వెళ్లండి, గొంతు తగ్గించి మాట్లాడండి.

అపోహ: శాకాహారులకు ప్యారిస్ బయట పస్తులే.

వాస్తవం: పస్తులేమీ ఉండవు, కానీ తెలియక తినేసే ప్రమాదం ఉంది. ఉల్లిపాయ సూపును మామూలుగా గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు. లియాన్ ‘కెనెల్’ చూడ్డానికి మెత్తని ముద్దలా ఉంటుంది, అందులో తరచూ చేప ఉంటుంది. అదే ఊళ్లో ‘ఆందుయెట్’ అంటే పేగులతో చేసిన సాసేజ్, మాంసాహారులైనా అడిగి తీసుకోవడం మంచిది. అల్సాస్ ‘తార్త్ ఫ్లాంబే’లో మీగడ, ఉల్లిపాయలతో పాటు పంది మాంసం ముక్కలు వేస్తారు. ‘సాన్ లార్దో’ అంటే అవి లేకుండా చేసిస్తారు. గోధుమరవ్వతో చేసే కుస్‌కుస్‌ను కూరగాయలదని రాసి ఉన్నా, పులుసు మాంసంతో కాచిందేమో కనుక్కోండి.

ధైర్యంగా తినగలిగేవీ ఉన్నాయి. రెన్, నాంత్ వైపు ‘గాలెత్’ అని బక్‌వీట్ పిండితో అట్లు పోస్తారు. చీజ్, పుట్టగొడుగులు, పాలకూర పెట్టమని చెప్పండి, గుడ్డు మీ ఇష్టం. ‘కాంప్లెత్’ అని ఉన్నది మాత్రం వద్దు, అందులో హామ్, అంటే పంది మాంసం ఉంటుంది. నీస్‌లో ‘సొక్కా’ తప్పకుండా తినండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె కలిపి పెద్ద పళ్లెంలో పల్చగా పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచులు కరకరలాడతాయి, మధ్యలో మెత్తగా ఉంటుంది. మిరియాల పొడి చల్లి కాగితంలో పెట్టిస్తారు. మన శనగపిండి అట్టు తిన్నవాళ్లకు అది కొత్త తిండిలా అనిపించదు.

తిండి విషయంలో రుచి కన్నా వేళలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. వంటిల్లు పన్నెండు నుంచి రెండింటి దాకా, మళ్లీ సాయంత్రం ఏడు తర్వాతే. మూడింటికి ఆకలేస్తే బేకరీయే దిక్కు. మధ్యాహ్నం ‘ఫార్ముల్’ అని రాసి ఉండే భోజనం రాత్రి భోజనం కన్నా బాగా చవక. బాటిల్ కొనక్కర్లేదు, ‘కరాఫ్ దో’ అంటే కుళాయి నీళ్లు ఉచితంగా తెచ్చిపెడతారు.

అపోహ: చిన్న ఊళ్లలో ఇంగ్లీషు మాట్లాడితే విసుక్కుంటారు.

వాస్తవం: ‘బోంజూర్’ అనకుండా నేరుగా పని అడిగితేనే ముఖం మాడ్చుకుంటారు. కొట్టులోకి అడుగుపెట్టగానే, బస్సెక్కగానే ఆ మాట అనండి. తర్వాత ఇంగ్లీషులో అడిగినా సాయం చేస్తారు.

అపోహ: సమ్మె వస్తే ట్రిప్ మొత్తం పోయినట్టే.

వాస్తవం: 2007 చట్టం ప్రకారం సమ్మెలో ఎవరెవరు పాల్గొంటున్నారో ముందే చెప్పాలి. అందుకే ముందురోజు సాయంత్రానికల్లా నడిచే రైళ్ల పట్టిక వచ్చేస్తుంది. సమ్మె కన్నా సెలవుల గురించి ఎక్కువ చూసుకోండి. ఆదివారం చాలా కొట్లు మూసేస్తారు. మ్యూజియంలకు సోమవారమో మంగళవారమో సెలవు ఉంటుంది, లియాన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంకు మంగళవారం. అల్సాస్‌లో గుడ్ ఫ్రైడే, డిసెంబరు 26 కూడా సెలవులే.

అపోహ: మార్సెయ్ వెళ్లకూడదు, ప్రమాదం.

వాస్తవం: నేను కుటుంబాలను పంపిస్తాను. పాత రేవు దగ్గర్లో హోటల్ తీసుకోమంటాను, జేబుల మీద కన్నేసి ఉండమంటాను, ఊరి శివార్లలో తిరగొద్దంటాను. ఏ పెద్ద ఊరికైనా ఇదే చెబుతాను. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన తెల్లరాతి కొండలు, వాటి మధ్య నీలం నీళ్లు కనిపించే కాలాంక్ నేషనల్ పార్కు ఈ ఊరిని ఆనుకునే ఉంది. వేసవిలో కార్చిచ్చు భయంతో కొన్ని రోజులు దారులు మూసేస్తారు, వెళ్లే ముందు సాయంత్రమే చూసుకోండి. సుజితోన్ అనే చోటికి వేసవిలో ముందస్తు బుకింగ్ కావాలి, అది ఉచితం.

అపోహ: ఫ్రెంచి ఊళ్లతో తెలుగువాళ్లకు సంబంధం ఏముంది, యానాం తప్ప?

వాస్తవం: బ్రిటనీ తీరంలో లోరియాన్ అనే రేవు ఉంది. ఈస్టిండియా వ్యాపారం కోసం ఫ్రెంచివాళ్లు 1664లో కంపెనీ పెట్టి, 1666లో అక్కడ ఓడలు కట్టే చోటు ఏర్పాటుచేశారు. మూడేళ్లకే, 1669లో, గోల్కొండ సుల్తాను అనుమతితో ఆ కంపెనీ మచిలీపట్నంలో వ్యాపార స్థావరం తెరిచింది. కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన అద్దకం బట్టలకు ఫ్రాన్స్‌లో ఎంత గిరాకీ వచ్చిందంటే, అక్కడి నేతగాళ్లను కాపాడటానికి 1686లో వాటిని నిషేధించారు. ఆ నిషేధం 1759 దాకా సాగింది. అప్పట్లో ఫ్రాన్స్ ఏలుబడిలో లేని ములూజ్ ఊరు 1746లో సొంతంగా ఆ తరహా బట్టలు అద్దడం మొదలుపెట్టి వస్త్ర పరిశ్రమకు పేరు తెచ్చుకుంది. ములూజ్ స్ట్రాస్‌బర్గ్ నుంచి టీఈఆర్‌లో గంట లోపే.

లోరియాన్ పాత ఊరు 1943 బాంబు దాడుల్లో చాలావరకు నేలమట్టమైంది. అందుకే వీధుల్లో చరిత్ర వెతక్కండి. రేవు నుంచి పడవెక్కి అవతలి ఒడ్డున ఉన్న పోర్ట్ లూయి కోటకు వెళ్లండి. కంపెనీ మ్యూజియం అందులోనే ఉంది, ఓడల నమూనాలు, ఆసియా నుంచి తెచ్చిన సరుకులు, మన దేశపు బట్టలు చూడొచ్చు. ప్యారిస్ నుంచి టీజీవీలో మూడు గంటలు పడుతుంది. రెన్‌లో రెండు రాత్రులు ఉండి అక్కణ్నుంచి వెళ్తే ఇంకా సుఖం. తెరిచి ఉంచే వేళలు కాలాన్ని బట్టి మారతాయి, పడవ వేళలతో కలిపి చూసుకుని బయల్దేరండి.